మ్యూనిక్ నుంచి డబ్లిన్‌కి రెండున్నర గంటలు

నవంబర్ 3, సోమవారం

మ్యూనిక్ – డబ్లిన్. పధ్నాలుగు వందల కిలోమీటర్ల లోపే. విమానంలో రెండున్నర గంటలు. లంచ్ టైమ్‌లో ఆఫీస్ పార్కింగ్‌లో, కారులోనే కూర్చుని మళ్ళీ చూశాను. ఈ డల్లస్ నుంచి న్యూజెర్సీ వెళ్ళడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. మ్యూనిక్‌లో తమ్ముడు రవి, డబ్లిన్‌లో చెల్లెలు సునీత. నాలుగేళ్ళుగా ఇద్దరి మధ్య మాటల్లేవు.

14న సునీతకి ఆపరేషన్. గడ్డ ఎలాంటిదో తీస్తే గానీ తెలియదట. ఇంట్లో ఒక్కతే.

నవంబర్ 5

లాయర్‌తో మాట్లాడాను. "ఇప్పుడు దేశం బయటికి వెళ్తే, తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్‌కి నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా జాబ్ ఆగుతుందా మరి?"

ఆగదు. వెళ్ళాల్సింది నేనే. వెళ్ళడం లేదు. రాయడానికే సిగ్గుగా ఉంది.

నవంబర్ 8, శనివారం

రవికి ఫోన్ చేశాను. విన్నాడు.

"చిన్నబావ పోయినప్పుడే వెళ్ళలేదు పెద్దక్కా. ప్రాజెక్ట్ గో-లైవ్, సెలవు దొరకదన్నాను. చిన్నక్క రమ్మని అడిగింది ఒక్కరోజే."

"ఇప్పుడు వెళ్ళు."

"ఏ మొహం పెట్టుకుని..."

ఉన్న మొహమే పెట్టుకుని వెళ్ళరా అన్నాను. నవ్వలేదు.

నవంబర్ 9

బుక్ చేశాడు. 13న, అక్కడ మధ్యాహ్నం రెండుకి బయల్దేరి మూడున్నరకి దిగుతాడు. డబ్లిన్ గడియారం గంట వెనక. టికెట్ మీద చూస్తే గంటన్నర ప్రయాణమే.

నవంబర్ 10

రవి వస్తున్నాడని సునీతకి చెప్పాను.

"వాడికి కడుపులో మంట తగ్గిందా అక్కా? కారం తినొచ్చా?"

అంతే అడిగింది. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను.

నవంబర్ 12

వర్షం. పనేమీ కాలేదు.

నవంబర్ 13, గురువారం

మాకు ఉదయం ఏడింటికి లేచింది విమానం. మీటింగ్‌లో కెమెరా ఆపేసి మ్యాప్ చూస్తూ కూర్చున్నాను. సముద్రం దాటింది... తొమ్మిదిన్నరకి దిగింది. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

పదింపావుకి రవి ఫోన్.

"టాక్సీ లైన్‌లో నిలబడ్డాను పెద్దక్కా. నా వంతు వచ్చింది. వెనకాయన్ని వెళ్ళమన్నాను."

"ఎక్కడున్నావు?"

"మళ్ళీ లోపలికే వచ్చాను. సాయంత్రం ఫ్లైట్ ఒకటుంది, వెనక్కి."

బతిమాలాను. తిట్టాను. రేపు పొద్దున దానికి మత్తిస్తార్రా, ఈ ఒక్క రాత్రి పక్కన కూర్చో అన్నాను. కట్ చేశాడు. అప్పటి నుంచి స్విచాఫ్.

పదకొండుకి సునీత మెసేజ్. "అక్కా, దిగి గంటన్నర అయింది. ఫోన్ కలవట్లేదు. వాడు దారిలో ఉన్నాడా?"

'ఉన్నాడు' అని టైప్ చేశాను. తుడిచేశాను. మళ్ళీ టైప్ చేశాను, ఇంకా పంపలేదు.

నేను మెసేజ్ చదివినట్టు నీలి టిక్కులు దానికి కనిపిస్తూనే ఉంటాయి.