పచ్చ తిరిగిన తొట్లు

3-2-2004, ప్రొద్దుటూరు

మురుగుకాలువ నీళ్లు పోసిన మూడు సిమెంటు తొట్లలోనూ పాచి ఆకుపచ్చగా చిక్కబడింది. ఇందులో నూనె ఉంది. ఒక్క దీపం వెలిగినా చాలు, ఆనందరావు నోరు మూతపడుతుంది. బాటనీ లెక్చరర్‌గా రిటైరైన పెద్దమనిషి మొన్న పదిమందిలో, ఏమప్పా, మురుగునూనెతో పకోడీలు ఎప్పుడు ఏస్తాండావు అన్నాడు.

6-2-2004

వార్డు లీడరు చిన్నన్న వచ్చి చూసిపోయాడు. కాలువ నీళ్లు తోడుకోనిచ్చింది అతనే. ఇంటర్లో అతనికి కెమిస్ట్రీ చెప్పి రెండుసార్లు ఫెయిల్ చేసింది నేను. పశ్చాత్తాపం లేదు.

11-2-2004

పాచిని ఉత్త బోరునీళ్లలోకి మార్చాను. ఇక పస్తులే. తిండి ఉంటే పెరుగుతుంది, లేకపోతే ఒంట్లో నూనె దాచుకుంటుంది. మనిషికి తలకిందులు.

17-2-2004

మైక్రోస్కోపులో ప్రతి కణంలోనూ మెరిసే చుక్కలు! నూనె. తొట్లు పసుపుపచ్చకు తిరిగాయి.

18-2-2004, ఉదయం 7

సార్ పచ్చ తిరిగినాడని కుళాయి దగ్గర చెప్పుకుంటున్నారట. పక్కింటి రహమత్‌బీ వచ్చి చెప్పింది. మొన్నటిదీ పచ్చే, నేటిదీ పచ్చే. మన భాషలో ఆకుకూ పసుపుకూ ఒకటే మాట. అయినా ఎన్నికల ముందు ఏ పచ్చో అందరికీ తెలుసు. చిన్నన్నకు ఎదుటి పార్టీ జెండా పసుపు.

11 గంటలు

చిన్నన్న నలుగురితో వచ్చాడు. నీళ్లు మావి, రంగు ఆళ్లదా సార్, జమ్మలమడుగు పెండ్లిలో మావోని పసుపు చొక్కానే విప్పించినాం, నిన్నెట్ల ఇడిచేది అన్నాడు. ఇది పార్టీ కాదురా, ఆకలి అన్నాను. ఈడ ఆకలికి గూడా పార్టీ ఉంటాది సార్ అన్నాడు. రేపు పొద్దునకు ఆకుపచ్చ మందేదో పడకుంటే తొట్లు పగలగొట్టిస్తాడట.

గుప్పెడు యూరియా చాలు. నాలుగురోజుల్లో ఆకుపచ్చ. నూనె మాత్రం పోతుంది.

19-2-2004

యూరియా వేయలేదు. తెల్లవారకముందే పటిక కలిపి పాచిని అడుక్కు దింపి, పాత పంచెలో వడగట్టుకున్నాను. వాళ్లు వచ్చేసరికి తొట్లలో తేట నీళ్లే. అయినా పగలగొట్టారు. చెప్పిన పని కదా.

25-2-2004

ఎండబెట్టాను, దంచాను, నూనెను లాగే హెక్సేన్‌లో నానబెట్టి, దాన్ని ఆవిరి కానిచ్చాను. మిగిలింది రెండు చెంచాలు. చేపల కంపు. రేపు రమ్మని ఆనందరావుకు కబురు పెట్టాను.

26-2-2004

పిలవకుండానే చిన్నన్న కూడా వచ్చి ముందు కూర్చున్నాడు. ఆపొద్దు ఇట్లాంటియి జూపించింటే నేను పాసయ్యేటోణ్ని గదా సార్ అన్నాడు. వత్తి ముట్టించాను.

వత్తి పదకొండు నిమిషాలు వెలిగింది. ఆనందరావు వాచీ చూస్తూ కూర్చున్నాడు. పకోడీల మాట ఎత్తలేదు.

27-2-2004

చిన్నన్న మళ్లీ వచ్చాడు. మంట గూడా పసుపేనా సార్, మార్చనీకి కాదా అని అడిగాడు.

మైలుతుత్తం మంటను ఆకుపచ్చ చేస్తుంది. ముప్పై ఏళ్లు ల్యాబులో చూపించాను.

తెలియదన్నాను.