యుద్ధపు తెరలో నేను నేసిన ముఖం

ఔదెనార్దె పట్టణంలో ఉంటూ, మ్యూజియంలో గోడకు వేలాడదీసే పాత నేతబొమ్మల తెరలు బాగుచేసి బతికిన గోదెలీవ్ వెర్కౌటెర్ అనే నేను, వయసు డెబ్బై ఒకటి, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. మోకాళ్ళు పోయాయి గాని బుద్ధి నిక్షేపంగా ఉంది.

1. నా ఇల్లు, అందులోని సామాను నా చెల్లెలు ఇర్మాకు చెందాలి. వాఫెల్ పెనం రాయనక్కర్లేదు, అడక్కుండా ఎప్పుడో పట్టుకుపోయింది.

2. నా కండెలు, సూదులు, నేత దువ్వెన ఇర్మా కూతురు హిల్డాకు. మ్యూజియంలో ఇప్పుడు నా చోట కూర్చునేది తనే. దువ్వెన వంకరపోయిందని పారెయ్యకు తల్లీ, పేకను అదే బాగా సర్దుతుంది.

3. ఇది రాయనన్నారు నోటరీ గారు. నాది కానిది ఎలా రాసిస్తానంటారు. రాయండి అన్నాను. పెద్ద హాల్లోని యుద్ధపు తెరలో, పడిపోయిన గుర్రం పక్కన, బల్లెం పట్టుకున్న సైనికుడున్నాడు. అతని ముఖం చిమ్మటలు తినేస్తే 1936లో నేనే మళ్ళీ నేశాను. పాత బొమ్మ చూసి నేశానని మ్యూజియం మరమ్మతుల చిట్టాలో రాశాను. అబద్ధం. అది హిల్డా తండ్రి లీవెన్ ముఖం.

ఆ ఉన్నికి రంగులద్దింది కూడా లీవెనే, ఎవరి ముఖానికో తెలియకుండా. అప్పటికే ఇర్మాతో పెళ్ళి కుదిరింది. మేము నేసేది వెనకవైపు నుంచి, కుడిఎడమలు తిప్పి. ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నదాన్ని, అయినా అతని ఎడమ కనుబొమ మీది గాటు నాకు కనిపించినట్టే నేసేశాను. తెర తిప్పి వేలాడదీస్తే గాటు కుడి కనుబొమ మీద తేలింది. అందుకే ఎవరూ పోల్చుకోలేదు, ఇర్మా కూడా. లీవెన్ మాత్రం చాలాసేపు నిలబడి, "రోజూ గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసేది వీణ్ణే," అన్నాడు. నా వంక చూడలేదు. మరుసటి నెలలో పెళ్ళయింది. నాలుగేళ్ళకు యుద్ధంలో పోయాడు.

ఇర్మా, నీ మొగుణ్ణి నేను ఏనాడూ వేలితో తాకలేదు. దారంతో తాకాను, పదకొండు వారాలు. ఇప్పటికీ అతను కావాలనిపిస్తుంది. తిట్టుకో.

4. వచ్చే వసంతంలో మ్యూజియం వాళ్ళు పాత బొమ్మ ఆధారం లేని అతుకులన్నీ విప్పేసి ఉత్త నారబట్ట వేస్తారట. చిట్టాలో నా అబద్ధం ఉన్నన్నాళ్ళూ అతను ఉంటాడు. హిల్డా, పని నేర్చినదానివి, నిజం చెప్పేయడమే నీ ధర్మం. విప్పాల్సి వస్తే ఇంకొకరిని చెయ్యి పెట్టనివ్వకు, నువ్వే విప్పు. నేను నోరు మూసుకునే పోదును. కానీ నీ రెండో ఏట పోయినవాడి ముందు నుంచి నువ్వు రోజూ తలెత్తకుండా నడిచిపోతుంటే చూడలేకపోయాను. చెబుతావో మానతావో నీ ఇష్టం. ముందు ఒక్కసారి వెళ్ళి చూడు, తల్లీ. ఆ కళ్ళు నీవే.

ఔదెనార్దె, 1968 నవంబరు 9.

(సంతకం) గోదెలీవ్ వెర్కౌటెర్

సాక్షులు, నోరు మెదపమని మాటిచ్చినవాళ్ళు:
రొమాన్ స్టెవెన్స్, రొట్టెల దుకాణం
పౌలా దె వాఖ్టెర్, పొరుగింటావిడ