పళ్ళసెట్టు చరణం

మార్చి 3
పత్రిక ఎడిటర్ ఫోన్ చేశాడు. హిప్-హాప్ పాటల నుంచి కథకులు ఏం నేర్చుకోవచ్చో ఒక వ్యాసం కావాలట. కుర్రకారు చదువుతారట. ముప్పై ఏళ్ళు కథలు రాసి చివరికి వీళ్ళ దగ్గర పాఠాలు. చీదరేసింది. సరేనన్నాను.

మార్చి 5
పొద్దున ఆరు పాటలు విన్నాను. నా కారు, నా గొలుసు, నా అంతటివాడు లేడు. మధ్యలో బూతులు. ఆరో పాటని మధ్యలోనే ఆపేశాను. లేచి వెళ్ళి ముఖం కడుక్కున్నాను.

అక్క పోయి మూడేళ్ళయింది. అక్క కూతురు ఇవే పాడుతుంది. హోటల్ లాండ్రీలో పని, ఆదివారాలు పాట. స్టేజీ మీద దాని పేరు సబ్బు. ఫోన్ చేస్తే, నీకు నచ్చదులే పిన్నీ అంది. అయినా వస్తానన్నాను. మెటీరియల్ కావాలి కదా.

మార్చి 9, ఆదివారం సాయంత్రం
కేఫ్ మేడ మీద నలభై ప్లాస్టిక్ కుర్చీలు. చెమట వాసన. ముందు పాడినవాడి తుంపర్లు మైకు మీద ఇంకా ఆరలేదు. అక్క కూతురు దాన్ని చొక్కా అంచుతో తుడిచి అందుకుంది. అరచేతులు లాండ్రీ సోడాకి పాసిపోయి తెల్లగా ఉన్నాయి.

అక్కని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు మీద పాట.

లిఫ్టు చెడింది, మెట్లు డెబ్బై, అమ్మ నా వీపెక్కింది
పళ్ళసెట్టు నా జేబులో ఉంది, మెట్టుమెట్టుకీ తొడ కొరికింది

ఈ సంగతి నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. ఆ తర్వాత ఇది:

పిన్ని వచ్చింది, పుస్తకం తెచ్చింది
అమ్మ మూలుగుతుంటే రాసుకుంది

ఆ పిన్ని నేనేనని అక్కడ ఎవరికీ తెలియదు. అందరితో పాటు చప్పట్లు కొట్టాను.

మార్చి 10
అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

మార్చి 11
అక్క పోయాక రాసిన కథ తీసి చదివాను. అవార్డు వచ్చిన కథ. అందులో అక్క సాయంకాలపు వెలుగులో చిరునవ్వుతో కన్నుమూస్తుంది. కిటికీ మీద పిట్ట ఉంటుంది. ఆ వార్డుకి కిటికీయే లేదు. అక్క నవ్వలేదు. నర్సుని తిట్టింది, నన్ను తిట్టింది, పక్క తడుపుకుని ఏడ్చింది. అవన్నీ అప్పటి నోట్‌బుక్‌లో ఉన్నాయి. కథ అందంగా ఉండాలని తీసేశాను. ఎంత రోత పని. ఆ గొలుసులవాళ్ళే నయం.

మార్చి 12
వ్యాసం రెండు గంటల్లో వచ్చేసింది. బాధని వర్ణించకు, జేబులో పెట్టి నడువు. వినేవాళ్ళ జాలి కోసం చూడకు. పాటలో నీ తప్పుని కూడా వదిలిపెట్టకు. ఇలా సాగింది. పళ్ళసెట్టు చరణం మొత్తం ఎత్తి రాశాను, ఎవరో అజ్ఞాత గాయని అని. పిన్ని చరణం రాయలేదు. పంపేశాను. ఎడిటర్ పొంగిపోయాడు.

మార్చి 14, ఉదయం 8
వచ్చే సంచిక ప్రకటనలో ఆ చరణాన్నే పెద్ద అక్షరాలతో వేశారు. అది చూసి అక్క కూతురు డ్యూటీకి వెళ్తూ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. ఆ పాట ఇంకా రికార్డు కూడా చెయ్యలేదు పిన్నీ, అంది. అమ్మని ఒకసారి రాసుకున్నావు, ఊరుకున్నాను, ఇప్పుడు నన్ను కూడానా, అంది. గొంతు పెంచలేదు. తర్వాతి చరణం వినపడలేదా అని అడిగింది. వినపడింది అన్నాను. మరి అదెందుకు రాయలేదంది. డ్యూటీకి టైమవుతోందని వెళ్ళిపోయింది.

మార్చి 14, 11 గంటలు
ఎడిటర్‌కి ఫోన్ చేసి ఆ చరణం ఎవరిదో చెప్పాను. వ్యాసం ఆపమన్నాను. పేజీ కట్టేశామన్నాడు, విసుక్కున్నాడు, ఇక మీకు ఫోన్ చెయ్యనన్నాడు. మొత్తానికి ఆపాడు. అయినా నా మీద నాకు వెగటు పోలేదు.

మార్చి 17
అప్పటి నోట్‌బుక్ లాండ్రీ గేటు దగ్గర దాని చేతికిచ్చాను. మీ అమ్మ తిట్లన్నీ ఉన్నాయన్నాను. తీసుకుంది.

మార్చి 23
నోట్‌బుక్ తిరిగొచ్చింది. అన్ని పేజీల్లోనూ ఒక్క మాట కిందే గీత గీసింది. అక్క నాతో అన్న మాట: ఆ పెన్ను పక్కన పెట్టి కాస్త కాళ్ళు నొక్కవే.

అప్పుడు అది కూడా రాసుకున్నాను. నొక్కలేదు.