ఊగని కుర్చీ

బాపూ,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. బెల్లంపల్లి బొగ్గు బాయిలో పనిచేసిన మల్లయ్యకు నువ్వు చేసిచ్చిన ఊగుడు కుర్చీని పోయిన వారం అతని భార్య బాగుచేయమని తెచ్చింది. కింది వంపు చెక్క ఒకటి విరిగింది. ఆయాసంతో అతను పడుకోలేడు. అందులో ఊగుతూనే నిద్రపోతాడు.

నువ్వు వంపు తిరిగిన టేకు కొమ్మను వెతికి తెచ్చి, కంటి అంచనాతోనే చెక్కేవాడివి. నేను మూడు చెక్కలు చెక్కాను. మూడుసార్లూ కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. చివరికి కింద చెక్క ముక్కలు మేకులతో కొట్టి, కదలకుండా నిలబెట్టాను.

"ఊగకుంటే ఆయనకు నిద్ర రాదు తమ్మీ," అంది ఇవాళ కుర్చీ కోసం వచ్చిన ఆమె.

"నాతోని అయితలేదక్కా," అన్నాను.

ఆమె కుర్చీని బండి మీద వేసుకుని వెళ్ళిపోయింది. నువ్వు నేర్పుతానన్నప్పుడల్లా, రేపు చూద్దామన్నది నేనే బాపూ.