బావ కూలిపోతుంటే నేను సముద్రం మీదికి తిరిగిన సంగతి

పూణె,
ఆదివారం, వాన.

అక్క సునీతకు తమ్ముడు ప్రవీణ్ రెండు చేతులూ జోడించి, మెడ కొంచెం వంచి రాస్తున్నది.

ముందుగా అందరి క్షేమం అడుగుతున్నాను. నీ నడుము నొప్పి తగ్గిందా? మీ అత్తమ్మ షుగరు గోళీలు వేళకు వేసుకుంటోందా, లేక దేవుడి పటం వెనుక దాచి వేసుకున్నానని చెబుతోందా? సహస్ర ఎలా ఉంది, ఎన్ని పళ్లు వచ్చాయి? బావ క్షేమం కూడా అడుగుతున్నాను. ఆయన నా క్షేమం అడగడం మానేసి మూడు వారాలైంది. అయినా పెద్దవాళ్లను అడగడం పద్ధతి కాబట్టి అడుగుతున్నాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. ఈ మాట ఉత్తరంలో ఇంకా రెండు మూడుసార్లు వస్తుంది. ప్రతిసారీ నమ్ము.

చేతిలో ఫోనుండగా వీడికి ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెట్టి బెండకాయలు కోస్తావు. నా కేసు వాకిట్లో పాలు పోసే ఆమెతో సహా అందరికీ వినబడుతుంది. అందుకే ఇంటికి కాకుండా నీ బడి అడ్రసుకు రాస్తున్నాను. స్టాఫ్ రూములో చదువు. చదివి అక్కడే చాక్‌పీసుల డబ్బాలో పెట్టేయ్. బావ కంట పడితే దీన్ని కూడా సాక్ష్యం కింద జమ చేసుకుంటాడు.

ఇక్కడి విషయాలు. వాన మొదలై పద్దెనిమిది రోజులు. మన దగ్గరలా దబదబా కురిసి ఊరుకునే వాన కాదు, జల్లెడ పట్టినట్టు పొద్దస్తమానం రాలుతూనే ఉంటుంది. ఉతికిన ప్యాంటు మూడోరోజుకు కూడా ఆరదు, నాలుగోరోజు వాసన వస్తుంది, ఐదోరోజు దాన్నే వేసుకుని డ్యూటీకి పోతాను. డ్యూటీ అంటే, కారు బోల్టులు బెల్టు మీద వస్తుంటే ఒక్కొక్కటీ తీసి గేజిలో దూర్చి చూడడం. దూరితే పాసు, దూరకపోతే ఫెయిలు. మూడేళ్లు ఫిజిక్సు చదివినందుకు ఈ అధికారం దక్కింది. నీ తమ్ముడు ఇప్పుడు రోజూ వేలాది బోల్టుల భవిష్యత్తును నిర్ణయిస్తున్నాడని అల్లాదుర్గ్ పోయినప్పుడు నాయినకు చెప్పు, సంతోషిస్తాడు.

తిండికి లోటు లేదు. పొద్దున అటుకులు, మధ్యాహ్నం చక్కెర వేసిన పప్పు. జొన్నరొట్టె ఇక్కడా ఉంది, కానీ పక్కన పెట్టుకోవడానికి పచ్చిపులుసు లేదు. రూములో ఉండే లాతూర్ సంతోష్ మంచివాడు. వద్దనడానికి నేను 'నక్కో' అంటే వాడికి అర్థమవుతుంది. మేమిద్దరం ఆ ఒక్క మాట మీదే స్నేహం చేసుకున్నాం. దాని తరువాత మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. వారంలో ఆరు రోజులు నా నోట తెలుగు రాదక్కా. ఒకసారి షాపు అద్దంలో నన్ను నేను చూసుకుని "ఏం సంగతి" అన్నాను. అంతే, భయపడకు. బాగానే ఉన్నాను.

ఇక అసలు కేసు.

బావ చెప్పిన కథ నువ్వు ఇప్పటికే విన్నావు. కోర్టువారు రెండో పక్షాన్ని కూడా వినాలి. నువ్వు బావ నెట్ సెంటర్‌కు పోయినప్పుడల్లా, ముక్కు మూసుకుని, కరెంటు బిల్లు ఇచ్చి వచ్చేస్తావు కాబట్టి మొదటినుంచీ చెబుతాను. అది విమానాల ఆట. ఐదుగురొక జట్టు, ఎదురుగా ఇంకో దేశంవాళ్లు ఐదుగురు. ఎవరి కంప్యూటర్ ముందు వాళ్లు కూర్చుని విమానం నడుపుతూ, మైకులో మాట్లాడుకుంటూ, ఒకరినొకరు కూల్చుకోవాలి. ఒక్కో ఆట పావుగంట. మన జట్టులో బావ లీడరు. ఎలక్ట్రిక్ షాపు మల్లేశం, ఇంకో ఇద్దరు ఆయన పక్క కుర్చీల్లో కూర్చుంటారు. నేను ఇక్కడ సంతోష్ ల్యాప్‌టాప్ మీద, ఆదివారం నాలుగు నుంచి ఐదు దాకా. ఐదింటికి మెదక్‌లో కరెంటు పోతుంది కాబట్టి మా యుద్ధాలన్నీ ఆ గంటలోనే జరగాలి.

నా మీద మోపిన నేరం ఏమిటంటే, నేను యుద్ధం చెయ్యను. ఎదుటివాడు కనబడగానే మొహం తిప్పుకుంటాను. కొండల చాటున, సముద్రం అంచున, గడియారం చూసుకుంటూ ఎగురుతాను. ఇది నిజమే, ఒప్పుకుంటున్నాను. ఎనిమిది నెలల్లో నేను కూల్చిన విమానాలు రెండు. అందులో ఒకటి మల్లేశందే, పొరపాటున.

మూడు వారాల క్రితం ఏం జరిగిందంటే, ఆట మొదలైన ఐదు నిమిషాలకే మనవాళ్లు ఇద్దరు కూలారు. బావ వెనుక రెండు విమానాలు పడ్డాయి. ఆయన మైకులో నన్ను పిలిచాడు.

"ప్రవీణూ, నా ఎన్క రెండు పడ్డయి. జర ఇటు మర్లురా."

నేను వినలేదని తరువాత చెప్పాను. విన్నాను. విని, సముద్రం మీదికి తిరిగాను. బావ కూలిపోయాడు. ఆయన వెంటే మల్లేశం. ఇక మన జట్టులో నేనొక్కడినే మిగిలాను. ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి. మిగతా నలుగురూ నా విమానాన్నే చూస్తూ కూర్చున్నారు.

"ప్రవీణన్నా, చేపలు పడుతున్నవా ఏంది ఆడ?" అన్నాడు మల్లేశం.

నేను నీళ్లను తాకేంత కిందికి దిగి, ఎదుటివాళ్లు వెతికి వెతికి విసిగిపోయేదాకా తిరిగి, సమయం అయిపోతుండగా మన విమానాశ్రయంలో చక్కగా దింపి, ఇంజను ఆపాను. దింపడం చాలా అందంగా వచ్చింది. చక్రాలు తాకిన చప్పుడు కూడా కాలేదు. ఎవ్వరూ మెచ్చుకోలేదు.

ఆట ఓడాం. అప్పుడు బావ, సెంటరంతా వినేటట్టు, మైకు దగ్గరికి లాక్కుని అన్నాడు.

"ఈడ గింత లొల్లి నడుస్తుంటె బ్యాగు సదురుకోని పూణె పోయినోడు. గీడ నిలబడి కొట్లాడుతడా వీడు?"

అక్కా, పిరికోడా అన్నా నవ్వేవాణ్ని. విమానం మాట విమానానికే ఉంచితే పడేవాణ్ని. కానీ ఆయన ప్రత్యేక రాష్ట్రం కొట్లాట సంగతి తెచ్చి నా విమానానికి కట్టాడు. నేనూ ఒకరోజు నిరాహార దీక్ష టెంటు కింద కూర్చున్నాను. దండ వేయించుకున్నాను, సాయంత్రం నిమ్మరసం తాగాను, ఫోటోలో కళ్లు మూసుకుని ఉన్నది నేనే. కాలేజీ ఎప్పుడు తెరుస్తారో, పరీక్ష ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియని రోజుల్లో ఇంటర్వ్యూ కాగితం వచ్చింది, పోయాను. పోయిన రోజు బస్టాండు ముందు నా దోస్తులు నినాదాలిస్తూ రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్ల పక్కనుంచే బ్యాగు మోసుకుని ముందు స్టాపు దాకా నడిచి బస్సెక్కాను. అది బావకు తెలుసు. తెలిసే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేనేమన్నానంటే,

"నువ్వు జేసిన కొట్లాట ఏంది బావా? టెంటు కింద కుర్చీల కూసునుడే కద."

మల్లేశం నవ్వాడట. మిగతా ఇద్దరూ నవ్వాపుకున్నారట. ఐదింటికి కరెంటు పోయింది. మన ఇంటి అల్లుడి అలక మొదలైంది. పెళ్లినాడు ఉంగరం కోసం అలిగితే గంటలో దిగాడు. ఈ అలకకు ఏ ఉంగరం పెట్టాలో నాకు తెలియదు.

తరువాతి వారం నాకు మెయిల్ వచ్చింది. మెదక్‌లో ఇప్పుడు జేఏసీ లేనిది ఎవరికి? వకీళ్లకుంది, టీచర్లకుంది, ఆటోవాళ్లకుంది. మా జట్టుకు కూడా ఒకటి ఏర్పడింది. కన్వీనర్ బావ, కో-కన్వీనర్ మల్లేశం. నెట్ సెంటర్ ముద్ర వేసి, స్కాన్ చేసి పంపారు. 'శత్రువును చూసి మర్లిపోవుట జట్టుకు ద్రోహముగా ఏకగ్రీవంగా తీర్మానించనైనది, ద్రోహిని నిరవధికంగా బహిష్కరించనైనది' అని ఉంది. నలుగురి సంతకాలు. ఏకగ్రీవమట. ఐదో ఓటు నాది, నన్నడిగితే కదా.

కోపంతో నేను ప్రపంచాన్ని ఆశ్రయించాను. ఆ ఆట ఆడేవాళ్లంతా వచ్చి వాదించుకునే పేజీ ఒకటి నెట్‌లో ఉంది. యుద్ధం తప్పించుకోవడం తప్పా అని అడిగాను. రెండు రోజుల్లో వందమంది కొట్లాటకు దిగారు. ప్రాణంతో దిగడం కూడా విద్యేనని కొందరు నా పక్షాన నిలిచారు. వాళ్ల మాటలన్నీ బావకు పంపుదామని దాచుకున్నాను. కానీ ఎవరో ఒకాయన రెండే వాక్యాలు రాశాడు. నువ్వు తప్పించుకుని తిరుగుతున్నంతసేపు తొమ్మిదిమంది చేతులు కట్టుకుని కూర్చుంటారు, వాళ్ల ఆదివారం కూడా ఆదివారమే కదా అని. అది చదివాక, దాచుకున్నవేవీ బావకు పంపలేదు. నీ తమ్ముడు వాదన మధ్యలో వదిలేయడం అరుదైన విషయం కాబట్టి నీకు తెలియజేస్తున్నాను.

ఇంతవరకూ అయితే నవ్వుకుని ఊరుకునేవాణ్ని. మొన్న బావ తానే ఫోన్ చేశాడు. రాజీకేమో అనుకుని, సంతోషంగా ఎత్తాను. శ్రావణంలో ఏడుపాయల అమ్మవారి గుడి దగ్గర సహస్ర పుట్టువెంట్రుకలు తీయిస్తున్నామని చెప్పి, వెంటనే అన్నాడు.

"పాపకు మేనమామ కావాలంటె టేక్మాల్ల మీ చిన్నమ్మ కొడుకు రవి ఉన్నడు. మనిషి ఎన్క నిలబడేటోడు. నీకు లీవు దొరకది గని, డ్యూటీ చేసుకో."

నేను హా అనేలోపు పెట్టేశాడు.

రవి మంచివాడే. వరుసకు మేనమామే. వాడి మీద నాకేమీ కోపం లేదు, కొంచెం తప్ప. కానీ అక్కా, నీతోపాటు పుట్టినవాణ్ని నేనొక్కణ్నే. పాప కూర్చోవలసింది నా ఒడిలో. మొదటి కత్తెర వెయ్యవలసింది నేను. విమానాల ఆటలో మర్లిపోయానని ఆ ఒడి తీసేసుకుంటారా? ఇది ఏ జేఏసీ తీర్మానం?

ఇప్పుడు నీకొక్కదానికే ఒక మాట చెబుతాను.

ఇక్కడ నా నెట్ నత్తలాంటిది. విమానం కూలిందంటే ఆట నన్ను బయటికి నెట్టేస్తుంది, మైకు తెగిపోతుంది. మళ్లీ లోపలికి రావాలంటే పావుగంట. విమానం గాలిలో ఉన్నంతసేపే నాకు మెదక్ వినబడుతుంది. బస్సు హారను, మల్లేశం తిట్లు, బయట ఊరేగింపు పోతుంటే డప్పులు. ఒకరోజు మీ అత్తమ్మ సెంటరుకు వచ్చి, బావను అన్నానికి రమ్మని అరిచింది. నాకూ ఆకలైంది. నేను కొట్లాటకు దిగితే రెండు నిమిషాల్లో కూలిపోతాను, నాకంత విద్య లేదు. అందుకే మర్లిపోతాను. వారానికి ఒక గంట, అందులో ఎంత దక్కితే అంత.

ఆ రోజు బావ నన్ను పిలిచినప్పుడు పాప ఆయన ఒడిలో ఉంది. నువ్వు బడి మీటింగుకు పోయావట, ఆయనే తెచ్చుకున్నాడట. కీబోర్డు మీద చేతులతో కొడుతూ నవ్వుతోంది. నేను వచ్చేటప్పుడు అది మూడు నెలల పిల్ల, నవ్వు చప్పుడయ్యేది కాదు. ఇప్పుడు చప్పుడవుతోంది. నేను మర్లి బావ దగ్గరికి పోతే, ఇద్దరం కూలుతాం, ఆ నవ్వు తెగిపోతుంది. అందుకని ఆయన్ను కూలనిచ్చి వింటూ కూర్చున్నాను. తొమ్మిది నిమిషాలు విన్నాను.

ఇది బావకు చెప్పి ఉండాల్సింది. సెంటరులో నలుగురు వింటుంటే ఎలా చెప్పను? దానికన్నా పిరికోణ్ని అనిపించుకోవడమే నయమనిపించింది.

కుర్చీ మాట మాత్రం నాదే తప్పు. బంద్ ఉన్నప్పుడల్లా ఎవరూ అడగకముందే షట్టరు దించిన మనిషి ఆయన. రాస్తారోకో నాడు పోలీసులు వ్యానెక్కించి నర్సాపూర్ అడవి దాటించి వదిలేస్తే, చెప్పులు లేకుండా బస్సెక్కి వచ్చాడు. ఆ మాటకు నేను క్షమాపణ అడుగుతాను, మల్లేశం ముందే, మైకు అవసరం లేకుండా. విమానం మర్లించిన దానికి మాత్రం అడగను.

నువ్వు బావను బతిమిలాడకు. కళ్లనీళ్లు పెట్టుకోకు, నీకవి తొందరగా వస్తాయి. నేను వస్తున్నానని కూడా చెప్పకు. నాలుగు రోజుల లీవు మంజూరైంది. సూపర్‌వైజరు, దగ్గర బంధువెవరైనా పోయారా అని అడిగాడు. ఇంకా లేదన్నాను. పూణె నుంచి హైదరాబాద్ దాకా టికెట్టు తీసుకున్నాను. పుట్టువెంట్రుకల రోజు పొద్దున నేరుగా ఏడుపాయలకే వస్తాను. బ్యాగులో పాపకు గౌను ఉంది. సైజు సంతోష్ వాళ్ల అక్క బిడ్డను చూసి ఊహించి కొన్నాను, పట్టకపోతే తిట్టకు. నాకోసం చింతకాయ తొక్కు ఒక సీసా, పల్లీల పొడి ఒక పొట్లం కట్టిపెట్టు. తొక్కులో ఎల్లిపాయ ఎక్కువ వెయ్యి.

పీట వేసిన చోట నీకన్నా ముందే నేను కూర్చుని ఉంటాను. నువ్వు చెయ్యవలసింది ఒక్కటే. పాపను తెచ్చి నా ఒడిలో పెట్టు. రవి వస్తే పక్కన జాగా ఇస్తాను. బావ వచ్చి లెమ్మంటే, అందరి ముందు ఇంకేమన్నా అంటే, అననీ. నేను జవాబు చెప్పను, నవ్వించను, లేవను. నా విద్య అంతా మర్లిపోవడమే అని పేరు పడింది కదా. ఆ పీట మీదనుంచి మాత్రం మర్లిపోను.

మీ అత్తమ్మకు నా దండాలు. అమ్మకు, నాయినకు కాళ్లు మొక్కానని చెప్పు. సహస్రకు ఏమీ చెప్పకు, అది నన్ను గుర్తుపట్టదు. ఎత్తుకోగానే ఏడుస్తుంది. ఏడవనీ, అలాగే పట్టుకుంటాను. నేను బాగానే ఉన్నాను. నువ్వు దీవించు, చాలు.

నీ ఒక్కగానొక్క తమ్ముడు,
ప్రవీణ్