కనిపించింది మేడం

ఖమ్మం,
మార్చి 9, 2024.

ప్రియమైన అన్నకు,

నీ చెల్లెలు యశోద రాసేది. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు. గుట్ట ఎక్కితేగానీ మనూళ్లో సిగ్నల్ దొరకదు, దొరికిన చోట పక్కన నలుగురుంటారు. అందుకే రాస్తున్నాను. ఒక్కడివే ఉన్నప్పుడు చదువు. నాన్నకు వినిపించకు.

మొదటి సెమిస్టర్ పాసయ్యానని చెప్పాను కదా, అది అబద్ధం. తెలుగు, ఇంగ్లీషు తప్ప అన్నీ పోయాయి. కెమిస్ట్రీ, జువాలజీ, బాటనీ. బాటనీలో ప్రాక్టికల్ కూడా పోయింది. ప్రాక్టికల్‌లో ఎవరూ ఫెయిలవరన్నా. మా క్లాసు మొత్తంలో నేనొక్కదాన్నే. నేను పాసయ్యానని నాన్న ముత్యాలమ్మకు కోడిని కోశాడని నువ్వు చెప్పిన రోజు నాకు అన్నం సయించలేదు.

అడవిలో పుట్టినదాన్ని, చెట్ల చదువు సులువుగా వస్తుందనుకుని చేరాను. ఇక్కడ చెట్లతో పని లేదు. గాజు ముక్క మీద పలుచటి ఉల్లిపొర పెట్టి, మైక్రోస్కోప్‌లో చూసి, కనిపించింది గీయాలి. మొదటి రోజు నాకు తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనిపించలేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా "కనిపించింది మేడం" అన్నారు. నేనూ అన్నాను. ఆ తర్వాత కనిపించలేదని ఎలా చెప్పను? మరి ఆ రోజు అబద్ధం చెప్పావా అంటారని భయం. నా గదిలో ఉండే రాజ్యశ్రీ, కల్లూరు అమ్మాయి, ఆమె గీసిన బొమ్మ చూసి గీసేదాన్ని. విచిత్రం ఏమిటంటే నా బొమ్మలే బాగుండేవి. బాటనీ చెప్పే నిర్మలాదేవి మేడం రికార్డులో ప్రతి పేజీకీ 'గుడ్' అని రాసేది.

పరీక్ష రోజు వేరే కాలేజీ నుంచి ఒక సారు వచ్చారు. నన్ను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టి, కాగితాలేవో చూసుకుంటూ "ఏం కనబడుతుందమ్మా?" అని అడిగారు. నేను కన్ను ఆనించి, రాజ్యశ్రీ బొమ్మలో ఉన్నదంతా గడగడా చెప్పాను. ఆయన తలెత్తి నన్ను చూసి, "నేనింకా స్లైడే పెట్టలేదు కదమ్మా" అన్నారు. వెనకాల అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

నెల రోజులుగా కాలేజీకి పోవడం లేదు. ఇక్కడ ఒక బట్టల షాపులో అడిగితే సోమవారం నుంచి రమ్మన్నారు. అక్కడ పనిచేసే ఆడపిల్లలతోపాటు గదిలో ఉంటాను. ఇంటికి రాలేను. వస్తే నీ మొహం చూడాలి. ఇంటికి ఎవరొచ్చినా నాన్న ఒకటే మాట చెప్తాడు: "మా వీరబాబు చెల్లె కోసం పదిల సదువు ఇడిసిండు. ఇద్దరూ బడికి పోతే చేను ఎవలు చూస్తరని వాడే అర్థం జేసుకున్నడు." చిన్నప్పటి నుంచి ఆ మాట వింటూనే పెరిగాను. నా చదువు పోతే పోయింది, నీ చదువును కూడా కలిపి పోగొట్టాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

నీ చెల్లెలు,
యశోద

*

మార్చి 27.

చెల్లె యశోదకు,

అన్న రాయునది. పదో తరగతి తర్వాత ఇంత రాయడం ఇదే మొదలు. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

నీ ఉత్తరం ఇప్పపువ్వు ఏరుతుంటే వచ్చింది. గంప అమ్మకిచ్చి, చేను గట్టు మీద కూర్చొని రెండుసార్లు చదివాను. జవాబు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. నీ మీద కోపంతో కాదు. నువ్వు రాసినదాంట్లో ఒకటి తప్పు. ఆ తప్పు నాది.

నేను నీ కోసం చదువు మానలేదు.

పదిలో నాకు లెక్కలు, ఇంగ్లీషు పోయాయి. మళ్లీ రాయడానికి భద్రాచలంలో సెంటర్ పడింది. హాల్ టికెట్ జేబులో పెట్టుకొని బడి గేటు దాకా పోయాను. లోపలికి పోవడానికి కాళ్లు రాలేదు. మూడు గంటలు గోదావరి కరకట్ట మీద కూర్చొని, పరీక్ష విడిచినాక పిల్లలతో కలిసి బస్సెక్కాను. రెండో రోజూ అంతే. ఫలితాలు వస్తే దొరికిపోతానని, అంతకుముందే నాన్న దగ్గరికి పోయి, "నేను చేను చూసుకుంట, చెల్లెను సదివియ్యి" అన్నాను. నాన్న ఏడ్చాడు. నా వీపు మీద చెయ్యేసి, "గింత పెద్దోడివి ఎప్పుడైనవ్‌రా" అన్నాడు. ఆ చెయ్యి తీసేయమనడానికి నాకు నోరు రాలేదు. ఎనిమిదేళ్లయింది. నాన్న ఆ సంగతి ఎవరికైనా చెప్పడం మొదలుపెడితే నేను లేచి పశువుల దగ్గరికి పోతాను. సిగ్గుపడుతున్నానని అందరూ అనుకుంటారు.

నీ పేరు అడ్డం పెట్టుకుని దాక్కున్నాను. దాని బరువు నువ్వు మోస్తున్నావని నీ ఉత్తరం చదివేదాకా తెలియదు.

షాపులో పని తప్పు కాదు. ఉండాలనిపిస్తే ఉండు. కానీ నా కోసమని చదవకు, నా కోసమని ఏడవకు. ఒక్కటి మాత్రం చెప్తాను. ఇప్పటికీ పరీక్షల రోజుల్లో భద్రాచలంలో పని పడితే ఆ బడి ముందు నుంచి పోను, చుట్టు తిరిగి పోతాను.

ఇంట్లో నీ సంగతి చెప్పలేదు. నా సంగతి కూడా చెప్పలేదు.

నీ అన్న,
వీరబాబు

*

ఖమ్మం,
సెప్టెంబరు 11.

అన్నకు,

ఇన్ని నెలలు రాయనందుకు ఏమనుకున్నావో. మొదట్లో నీ మీద చాలా కోపం వచ్చింది. ఉత్తరం చింపేద్దామనుకున్నాను. ఎనిమిదేళ్లు నీ ముందు తల వంచుకుని తిరిగాను కదా. తర్వాత ఒకరోజు షాపులో చీరలు మడత పెడుతుంటే, నాకు తెలియకుండానే తేలిగ్గా ఊపిరి తీసుకుంటున్నానని గమనించాను. నేను నీకు బాకీ లేను. ఫెయిలైంది నేను, నా సబ్జెక్టుల్లో. అంతే.

షాపులో ఇంకొకటి జరిగింది. ముత్తక్క అని పాత మనిషి, నాకు పని చూపించేది. ఏది ఎక్కడుంటుందో చెప్పి "సమజైందా?" అంటే "ఆ" అనేదాన్ని. ఒకనాడు మూడుసార్లు వేరే చీర తెచ్చాను. ఆమె తిట్టలేదు. "సమజ్ గాకపోతే గాలేదని చెప్పు బిడ్డా, నేనేమన్న కొడ్తనా?" అంది. చదువు మానేసినా నా జబ్బు నా వెంటే వచ్చిందన్నా.

మరునాడే నిర్మలాదేవి మేడం దగ్గరికి పోయాను. మొదటి రోజు నుంచీ నాకేమీ కనిపించలేదని, అన్నీ రాజ్యశ్రీ బొమ్మలు చూసి గీశానని చెప్పాను. మేడం అడిగింది:

"ఒక్కసారి కూడా చూడలేదా?"

"లేదు మేడం."

"నేను కూడా నువ్వు చూసినవో లేదో చూడకుండనే 'గుడ్' రాసిన" అంది మెల్లగా.

లేచి ల్యాబ్ తాళం తీసింది. మొదట నా కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. మేడం నా చెయ్యి పట్టుకుని పక్కనున్న మర తిప్పించింది. "జల్దీ తిప్పకు. కొంచెం కొంచెం." మసకలోంచి ఒక్కసారిగా గళ్లు తేలాయి, ఒకదాని పక్కన ఒకటి, ఇటుకలు పేర్చినట్టు. ఒక్కో గడిలో ఒక్కో చుక్క. నేను అన్నిసార్లు గీసిన బొమ్మే. కానీ నేను చుక్కలన్నీ నడిమధ్యలో పెట్టేదాన్ని. అవి అలా ఉండవు, ఒక్కోటి ఒక్కో మూలకుంటుంది.

హాజరు తక్కువైనందుకు అర్జీ మేడమే రాయించింది. పోయినవన్నీ జూలైలో మళ్లీ రాశాను, నిన్న ఫలితాలొచ్చాయి. బాటనీ పరీక్ష, ప్రాక్టికల్ రెండూ పాసయ్యాను, జువాలజీ కూడా. కెమిస్ట్రీ నాలుగు మార్కుల తేడాతో మళ్లీ పోయింది. మళ్లీ కాలేజీకి పోతున్నాను. ఈసారి క్లాసులో అర్థం కాని చోట చెయ్యెత్తుతున్నాను. కొందరు నవ్వుతారు. కెమిస్ట్రీ సారు మాత్రం మళ్లీ చెప్తాడు.

ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. ఫెయిలైన సంగతి, షాపు సంగతి, ఇంకా ఒక సబ్జెక్టు మిగిలిందని నాన్నకు నేనే చెప్తాను. నీ సంగతి నా నోట రాదు. చెప్తావో మానేస్తావో నీ ఇష్టం. కానీ నేను చెప్పేటప్పుడు మాత్రం నువ్వు లేచి పశువుల దగ్గరికి పోకు. నా పక్కన కూర్చో. నాకు భయంగా ఉంది.

నీ చెల్లె,
యశోద