అమ్మకి అర్థమైతే పాస్

జూన్ 18
పిచ్చుకా, అమ్మని. నువ్వు పోయి నలభై రెండు రోజులు. ఈరోజు నీ సైన్స్ ల్యాబు తాళం నాకే ఇచ్చారు. బడంతా ఊడ్చేది నేనేగా. నీ బల్ల మీద పిల్లల నోట్సులు అలాగే ఉన్నాయి. వాటిని దిద్దుతూ కూర్చునే కదా రోజూ క్యారేజీ సగం తిరిగి తెచ్చేదానివి. నేను ఐదో క్లాసుతో ఆగినదాన్ని. అయినా రాస్తా. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

జూన్ 21
నీ రాత పీరియడ్ తీసేస్తారట. సైన్సయినా లెక్కలయినా ఆటలయినా, చేసింది పిల్లలు సొంత మాటల్లో రాయాలని పెట్టించావే, అదే. రాయించడం తెలుగు టీచరు పని, మా నెత్తిన రుద్దుతారేంటి అన్నాడు లెక్కల సారు. ఆయన కప్పు కడుగుతూ విన్నా. హెడ్మాస్టరమ్మ సోమవారం తేలుస్తానంది.

జూన్ 22
నీ దువ్వెనలో వెంట్రుక కనబడింది. ఈరోజుకి ఇంతే.

జూన్ 24, మధ్యాహ్నం రెండున్నర
పిలవని పేరంటానికి వెళ్లినట్టు మీటింగులోకి వెళ్లా. చీపురు పక్కన పెట్టి చెప్పా. పిల్లల నోట్సులు మా అమ్మాయి ఇంట్లో నాకు చదివి వినిపించేది, విన్నది విన్నట్టు నేను చెయ్యగలిగితే పాసు, లేకపోతే ఆ పిల్ల మళ్లీ రాయాల్సిందే అని.

లెక్కల సారు నవ్వాడు. అయితే మా క్లాసు ఫస్టు రాసింది చెయ్యమ్మా చూద్దాం అని నోట్సు ఇచ్చాడు. గది పొడవు కొలవడం. టేపు ఈ గోడకి ఆనించి ఆ గోడ దాకా లాగాలి, అంకె చూడాలి. అంతే ఉంది. టేపు చూస్తే మూడు మీటర్లది. గది మధ్యలోనే అయిపోయింది. అక్కడే నిలబడ్డా.

అక్కడ గీత గీసి మళ్లీ కొలవాలమ్మా, ఆ మాత్రం తెలీదా అన్నాడు. నాకు తెలుసు సారూ, మీ పిల్లకి తెలుసో లేదో కాగితం చెప్పట్లేదు అన్నా. డ్రాయింగ్ టీచరు కిసుక్కున నవ్వింది. ఆ పిల్లని పిలిచి అడిగారు. కొలవలేదట. పక్కదాని నోట్సు చూసి అంకె వేసిందట. కింద సారు టిక్కు పెట్టి ఉంది.

పీరియడ్ ఉంటుంది పిచ్చుకా.

జూలై 3
లెక్కల సారు నోట్సుల కట్ట మోసుకుని ల్యాబుకొచ్చాడు. ఎన్ని పాసో నువ్వే చెప్పమ్మా అన్నాడు. పదకొండు. మిగతావన్నీ ఫెయిల్ చేశా. గర్వంగా ఉంది. ఎందుకు దాచుకోవాలి?

జూలై 9
రేపు కొత్త సైన్స్ టీచరు వస్తుంది. నీ ఈడుదేనట. ల్యాబులో ఏది ఎక్కడుందో రాసిపెట్టమంది హెడ్మాస్టరమ్మ. నన్ను! మూడుసార్లు రాసి మూడుసార్లు చించా.

జూలై 10
బల్లకి అతికించింది ఇది.
టీచరమ్మా, తాళం కుడివైపు తిప్పు. గాజు సామాను పై అరలో ఉంది. నోట్సులు ఎడమ సొరుగులో. మధ్యాహ్నం గంట కొట్టగానే ఆ సొరుగు మూసెయ్యి. కడుపునిండా తిను.